పంట మునిగితే ఇన్‌పుట్ సబ్సిడీ అందుకోవడం ఎలా? ఈ-పంట నమోదు నుంచి ఖాతాలో జమ దాకా

ప్రతి తుపాను తర్వాతా ఊళ్లో వినిపించే మాట ఒకటుంది: "పక్క చేనాయనకు పడింది, నాకు పడలేదు. ఇద్దరి చేలూ ఒకేలా మునిగాయి కదా!" 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నేలకరిచింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు గోదావరి జిల్లాల చేలు మళ్లీ మునిగాయి. రెండుసార్లూ నన్ను అడిగినవాళ్లు అడిగింది ఈ ఒక్క సంగతే.

జవాబు సూటిగానే చెప్పొచ్చు. చేను మునిగినంత మాత్రాన డబ్బు రాదు. ఆ చేను ఎవరి సాగుగా, ఏ పంటగా, ఎన్ని సెంట్లుగా రికార్డులో ఉందో దాన్ని బట్టే వస్తుంది. కాబట్టి పని తుపానుకు ముందే మొదలవ్వాలి. కింద రాసినదంతా ఆంధ్రప్రదేశ్ రైతులకు వర్తించే క్రమం. తెలంగాణ సంగతి చివర్లో విడిగా ఉంది.

1. ముందుగా ఈ డబ్బేమిటో తెలుసుకోండి

ఇన్‌పుట్ సబ్సిడీ అంటే పోయిన పంట ఖరీదు కాదు. మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కుని సాగులోకి దిగడానికి ఇచ్చే చేయూత. ఎకరాకు ముప్పై వేలు ఖర్చుపెట్టినవాళ్లు ముప్పై వేలూ వస్తాయనుకుని కూర్చుంటే నిరాశే మిగులుతుంది. ఎంత వస్తుందో ముందే లెక్క వేసుకుంటే ఏ గడప తొక్కాలో, ఎంత తిరగొచ్చో తెలుస్తుంది.

రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో సాధారణంగా కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఆ నిధి నుంచి ఇవ్వడానికి 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం పెట్టిన కనీస కొలమానాలివి:

- వర్షాధార పంటకు హెక్టారుకు రూ.8,500
- నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు రూ.17,000
- బహువార్షిక తోటలకు హెక్టారుకు రూ.22,500
- పంట నష్టం 33 శాతం, ఆపైన ఉండాలి
- ఒక రైతుకు 2 హెక్టార్ల వరకే

హెక్టారు అంటే 2 ఎకరాల 47 సెంట్లు. అంటే కాలువ కింద వరికి ఈ లెక్కన ఎకరాకు సుమారు రూ.6,880. మూడున్నర ఎకరాలు పోతే రూ.24 వేల పైచిలుకు. ఏడెకరాలు పోయినా 2 హెక్టార్లకే, అంటే రూ.34,000తో ఆగిపోతుంది.

దీని మీద రాష్ట్ర ప్రభుత్వం తన వంతు కలిపి పెంచి ఇవ్వొచ్చు. 2024 సెప్టెంబరు వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వరికి హెక్టారుకు రూ.25,000 ప్రకటించారు. పంటను బట్టి, విపత్తును బట్టి ఈ మొత్తం మారుతుంది. కాబట్టి ప్రతిసారీ ఆ విపత్తుకు వచ్చిన జీవో ఏమంటుందో మండల వ్యవసాయాధికారినే అడగండి. ఫోన్లలో తిరిగే పాత జీవోల ఫొటోలు చూసి లెక్క వేసుకోవద్దు.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. తుపాను, వరద, వడగళ్ల నష్టాన్ని చేను చేనుకూ చూసి రాస్తారు. కరవుకైతే మీ మండలాన్ని కరవు మండలంగా ప్రకటించాలి. ప్రకటించని మండలంలో పంట పూర్తిగా ఎండినా కరవు కింద సాయం రాదు.

2. ఈ-పంట: డబ్బు దారి ఇక్కడే మొదలవుతుంది

ఈ-పంట అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రతి సీజన్లో ఎక్కించే ప్రభుత్వ రికార్డు. నష్టం రాసేవాళ్లు చేతిలో పట్టుకొచ్చేది ఆ జాబితానే. అందులో లేని చేనును ఎంత ముంపు చూపించినా రాయించుకోవడం కష్టం. అందుకే ప్రతి సీజన్లో, ఖరీఫ్‌కు వేరుగా, రబీకి వేరుగా, నమోదు జరిగిందో లేదో మీరే చూసుకోవాలి. "పోయినేడాది రాశారు కదా" అంటే కుదరదు.

నమోదు చేసేది రైతు సేవా కేంద్రంలోని గ్రామ వ్యవసాయ సహాయకులు. కూరగాయలు, అరటి, కొబ్బరిలాంటివాటికి ఉద్యాన సహాయకులు. చేను ఫొటో తీస్తారు, వివరాలు ఎక్కిస్తారు, గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) కూడా ధ్రువీకరిస్తారు. చివర్లో మీరు వేలిముద్ర వేసి ఈకేవైసీ పూర్తి చేయాలి.

చాలామంది ఆగిపోయేది ఈ ఆఖరి మెట్టు మీదే. సహాయకుడు చేనుకొచ్చాడు, ఫొటో తీశాడు, ఇక అయిపోయిందనుకుంటారు. వేలిముద్ర పడకపోతే నమోదు సగంలోనే ఉండిపోయినట్టు. పొలం పనుల్లో అరిగిన వేళ్లకు ముద్ర పడకపోవడం మామూలే. ఒకసారి పడలేదని ఇంటికి వచ్చేయకండి. చేతులు కడిగి తుడుచుకుని వేరే వేలితో ప్రయత్నించండి. అప్పటికీ పడకపోతే ఇంకో దారేముందో అడిగి, మీ నమోదు పెండింగ్‌లో లేదని తేల్చుకున్నాకే కదలండి.

రసీదు అడిగి తీసుకోండి. తీసుకున్నాక ఇవి సరిచూసుకోండి:

- సాగుదారు పేరు, ఆధార్‌లో ఉన్నట్టే ఉందా
- సర్వే నంబరు, దాని సబ్‌డివిజన్ సహా సరిగ్గా ఉందా
- విస్తీర్ణం ఎకరాలు, సెంట్లతో సహా సరిపోయిందా
- పంట పేరు నిజంగా వేసిందేనా
- నీటి వసతి గడిలో కాలువ లేదా బోరు అని ఉందా, లేక వర్షాధారం అని పడిందా
- ఫోన్ నంబరు ఇప్పుడు మీరు వాడుతున్నదేనా

నీటి వసతి గడిని ఎవరూ చూడరు. కేంద్రం రేట్లలో వర్షాధారానికీ నీటి వసతికీ సరిగ్గా సగం తేడా. ఒక్క మాట తప్పు పడితే వచ్చేది సగమే.

పంట పేరు విషయంలోనూ జాగ్రత్త. మొదట వరి వేసి, అది పోయాక మినుము చల్లి ఉంటే ఆ మార్పు రికార్డులోకి ఎక్కాలి. నారుమడి దశలోనే వాన ముంచేస్తే ప్రధాన పొలం నమోదు అప్పటికి జరిగి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు నారుమడిగానే రాయించమని వెంటనే అడగండి.

ఈ-పంట ముసాయిదా జాబితాను సామాజిక తనిఖీ కోసం రైతు సేవా కేంద్రంలో అంటిస్తారు. తప్పుల్ని సులువుగా దిద్దించుకునే సమయం అదే. గడువు దాటాక అదే తప్పుకు మండలాఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

3. భూమి కాగితంలో చిక్కులుంటే

తండ్రి చనిపోయి ఏళ్లు గడిచినా ప్రభుత్వ భూ రికార్డయిన వెబ్‌ల్యాండ్‌లో ఆయన పేరే ఉండే కుటుంబాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకుని ఎవరి ముక్క వారు చేసుకుంటుంటారు. పంట బాగున్నన్నాళ్లూ ఇబ్బంది తెలియదు. నష్టం రాసే రోజున మొత్తం విస్తీర్ణం ఒకరి పేరునే పడుతుంది, 2 హెక్టార్ల పరిమితి కూడా ఆ ఒక్కరికే వర్తిస్తుంది.

మ్యుటేషన్, అంటే భూ రికార్డులో పేరు మార్పు, చేయించుకోవడమే దీనికి సరైన మందు. అది ఆలస్యమయ్యేట్టుంటే, ఈ-పంట సమయంలో ఎవరు ఎంత సాగు చేస్తున్నారో వీఆర్వో ఎదుట అన్నదమ్ములందరూ చెప్పి సాగుదారు గడిలో విడివిడిగా రాయించుకోండి. తర్వాత నష్టం రాసేటప్పుడు మాట్లాడుకుందాంలే అంటే ఆ హడావుడిలో ఎవరి మాటా చెల్లదు.

4. కౌలు రైతులు తప్పక చేయాల్సినవి

కోనసీమ, పశ్చిమ గోదావరి, కృష్ణా డెల్టాల్లో మడిలో దిగేవాళ్లలో ఎక్కువమంది కౌలుదారులే. పెట్టుబడి వాళ్లది, అప్పు వాళ్లది, నష్టం వాళ్లది. రికార్డులో మాత్రం హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న యజమాని పేరు ఉంటుంది. సాయం అసలు సాగుదారుకే చేరాలంటే ఈ-పంటలో సాగుదారుగా కౌలు రైతు పేరు పడాలి. దానికి గట్టి ఆధారం పంట సాగుదారు హక్కు కార్డు, అదే మనం సీసీఆర్‌సీ అనేది.

ఈ కార్డు 2019 చట్టం కింద ఇస్తారు. కాలపరిమితి 11 నెలలు. అంటే ప్రతి ఏడాదీ కొత్తగా తీసుకోవాలి. భూ యజమాని సంతకం ఉండాలి. అడ్డంకి వచ్చేదీ ఆ సంతకం దగ్గరే.

యజమానుల భయం ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. "సంతకం పెడితే రేపు పొలం నాదంటావేమో" అన్నది వాళ్ల అనుమానం. దానికి కోపగించుకుంటే పని జరగదు. ఇలా మాట్లాడి చూడండి:

"బాబాయి గారూ, ఈ కార్డు పంటకే గానీ భూమికి కాదండి. పదకొండు నెలలైతే దానంతటదే పోతుంది. భూమి మీద నాకు ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. వీఆర్వో గారి ఎదురుగానే పెట్టండి, ఆయన్నే అడగండి. ఇది లేకపోతే రేపు చేను మునిగితే నాకు రూపాయి రాదు, మీకు కౌలు గింజలు కూడా కొలవలేను."

ఆ చివరి మాట చాలామందిని ఒప్పిస్తుంది, ఎందుకంటే అది నిజం.

కౌలు మాట్లాడుకునే రోజునే, అంటే తొలకరికి ముందే, సంతకం సంగతి కూడా తేల్చుకోండి. నాట్లు పడ్డాక అడిగితే యజమానికి తొందర ఉండదు. యజమాని ఊళ్లో లేకపోతే ఆయన పండక్కో పెళ్లికో వచ్చినప్పుడే ఈ పని పెట్టుకోండి. ఎంత చెప్పినా సంతకం పెట్టనంటే, కార్డు లేకపోయినా ఈ-పంటలో వాస్తవ సాగుదారుగా రాయమని గ్రామ వ్యవసాయ సహాయకుడికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

యజమాని ఖాతాలో పడ్డాక "మీకిచ్చేస్తాను" అన్న మాట మీద ఆధారపడొద్దు. మనిషి మంచివాడే కావచ్చు. కానీ ఆ డబ్బు ఆయన ఖాతాలో వేరే లెక్కల్లో కలిసిపోతుంది.

5. బ్యాంకు ఖాతా: ఇప్పుడే సరిచేసుకోండి

సాయం నేరుగా ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో పడుతుంది. మీరు రాసిచ్చిన ఖాతా నంబరు ఒకటైతే, ఆధార్ ముడిపడినది మరొకటి కావచ్చు. చాలామందికి నాలుగైదు ఖాతాలుంటాయి: సొసైటీది, జన్‌ధన్‌ది, డ్వాక్రా కోసం తెరిచింది, ఫోన్లో తెరిచింది. వీటిలో ఆఖరుగా ఆధార్ సీడింగ్ జరిగిన ఖాతాలోకే డబ్బు వెళ్తుంది. "నాకు రాలేదు" అని తిరిగే రైతుకు మరిచిపోయిన ఖాతాలో డబ్బు పడి ఉండటం అరుదేమీ కాదు.

మై ఆధార్ పోర్టల్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో తెలుస్తుంది. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉండాలి. ఇంట్లో చదువుకునే పిల్లలు ఐదు నిమిషాల్లో చూసిపెడతారు.

- సీడింగ్ ఉన్న ఖాతా మీరు వాడుతున్నదేనా
- రెండేళ్లుగా మీరు లావాదేవీ చేయక ఖాతా స్తంభించిపోయిందా
- బ్యాంకులో కేవైసీ పెండింగ్ ఉందా
- ఆధార్‌లో పేరు, పాసుబుక్‌లో పేరు ఒక్కలా ఉన్నాయా

ఏ ఒక్కదానికి తేడా ఉన్నా బ్యాంకుకు వెళ్లి ఈ వారమే దిద్దించుకోండి. జమ ప్రకటించిన రోజున బ్యాంకులో నిలబడే చోటుండదు.

6. తుపాను తగ్గాక తొలి 3 రోజులు

మొదటి పని ప్రాణాలు, పశువులు. తర్వాత నీళ్లు బయటకు తీయడం. నష్టం రాసేదాకా చేను ముట్టుకోకూడదని నీళ్లలోనే వదిలేసేవాళ్లున్నారు. అలా చేయకండి. సాయంగా వచ్చేదానికన్నా మిగిలే గింజ విలువే ఎక్కువ.

నీళ్లు తీసే ముందు ఫొటోలు తీయండి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి, తేదీ పడేలా తీయాలి. చేను నాలుగు మూలల నుంచి నాలుగు, దగ్గరగా పడిపోయిన కంకుల్ని రెండు, ఊరివాళ్లు గుర్తుపట్టే చెట్టో మోటారు షెడ్డో స్తంభమో కనిపించేలా ఒకటి. పూర్తిగా నీళ్లే కనిపించే ఫొటో ఎవరి చేనుదో చెప్పలేదు, అందుకే ఆ గుర్తు ముఖ్యం. నీళ్లు తీసిన రెండు మూడు రోజులకు మొలకెత్తిన కంకి, రంగు మారిన గింజ కనిపించేలా మళ్లీ తీయండి. అసలు నష్టం తెలిసేది అప్పుడే.

పడిపోయిన వరి కంకుల్లో గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, అంటే 5 శాతం ద్రావణం, కంకులు తడిసేలా కొట్టండి. పనల మీద ఉన్న వరికీ ఇదే. చేతికందే దుబ్బుల్ని నాలుగైదు కలిపి నిలబెట్టి కట్టుకోండి.

పంటల బీమాకు ప్రీమియం కట్టిన రైతుకు ఇంకో గడియారం కూడా నడుస్తుంటుంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా కింద వడగళ్లలాంటి స్థానిక విపత్తులకు, కోసి ఆరబెట్టిన పనలు 14 రోజుల లోపు తుపానుకో అకాల వర్షానికో పాడైనదానికి, 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి. 14447 నంబరుకు ఫోన్ చేయొచ్చు, లేదా పంటల బీమా యాప్‌లో నమోదు చేయొచ్చు. ఫిర్యాదు సంఖ్య రాసి పెట్టుకోండి. ఇన్‌పుట్ సబ్సిడీ వేరు, బీమా వేరు. ఒకదానికి అర్జీ పెడితే రెండోదానికి కూడా పెట్టినట్టు కాదు.

ఈ మూడు రోజుల్లోనే రైతు సేవా కేంద్రానికి వెళ్లి మీ సర్వే నంబరు, పోయిన విస్తీర్ణం కాగితం మీద రాసి ఇచ్చి రండి.

7. లెక్కింపు రోజు చేను దగ్గరే ఉండండి

ఇక్కడ చాలామంది పొరబడతారు. తుపాను మర్నాడే అధికారులు వచ్చి, గట్టు మీద నిలబడి చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్తారు. అది ప్రాథమిక అంచనా. ఊరి మొత్తం మీద ఎన్ని ఎకరాలు పోయాయో ప్రభుత్వానికి చెప్పడానికి వేసే లెక్క. అందులో రైతుల పేర్లుండవు. పేరుపేరునా రాసేది తర్వాత, నీళ్లు తీశాక జరిగే ఎన్యూమరేషన్‌లో. మొదటిది చూసి "నాది రాసుకున్నారు" అని నిశ్చింతగా ఉన్నవాళ్లే రెండోసారి బృందం వచ్చినప్పుడు కనిపించరు.

బృందం మీ ఊరికి ఏ రోజు వస్తుందో, ఏ వైపు నుంచి మొదలుపెడుతుందో ముందురోజే కనుక్కోండి. ఆ రోజు కూలికి వెళ్లాల్సి ఉంటే ఇంట్లోవాళ్లనైనా చేలో ఉంచండి. దగ్గర ఉండాల్సినవి:

- ఆధార్, బ్యాంకు పాసుబుక్ నకళ్లు
- ఈ-పంట రసీదు
- పట్టాదారు పాసుపుస్తకం లేదా 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు) నకలు. కౌలుదారైతే హక్కు కార్డు
- ఫోన్లో తీసిన ఫొటోలు
- వేలిముద్రకూ ఓటీపీకీ పనికొచ్చేలా మనిషి, ఫోను రెండూ

వచ్చినవాళ్లకు గట్టు మీద నుంచి కనిపించే నాలుగు వరసలే కాకుండా చేను లోపలికి తీసుకెళ్లండి. గట్టు వెంట మెరకగా ఉన్నచోట వరి నిలబడి ఉంటుంది. పల్లంలో, చేను నడిమధ్యన, దుబ్బు మొత్తం కుళ్లి ఉంటుంది. ఒక కంకి తెంపి అరచేతిలో నలిపి చూపించండి. గింజ పాలు కారుతుందా, నల్లబడిందా, మొలక తెల్లగా బయటికొచ్చిందా అన్నది అక్కడే తేలిపోతుంది. 33 శాతం అనే గీత దాటిందా లేదా అన్న తీర్పు అధికారిదే. కానీ ఆయన చూడని చోటు లెక్కలోకి రాదు.

ఉన్నదున్నట్టే చెప్పండి. రెండెకరాలు పోతే నాలుగెకరాలని చెప్పినచోట పై అధికారుల మళ్లీ తనిఖీలో దొరికిపోతే మొత్తం పేరే పోవచ్చు, ఆ ఊరి జాబితా అంతటి మీదా అనుమానం పడుతుంది. అలాగే పేరు రాయడానికి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. ఇది రుసుము లేని పని.

రాయడం అయ్యాక ఎన్ని సెంట్లు రాశారో, ఎంత శాతం వేశారో అక్కడే అడిగి రాసుకోండి. మర్యాదగా అడిగితే చెప్తారు.

బృందం మీ చేనుకు రాకుండానే వెళ్లిపోతే ఆ సాయంత్రమే రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. లెక్కింపు గడువు ముగిశాక పేరు చేర్చడం ఊరి స్థాయిలో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

8. జాబితాలో పేరు ఉంటే చాలదు, వరుసంతా చదవండి

లెక్కింపు అయ్యాక నష్టపోయిన రైతుల జాబితాను రైతు సేవా కేంద్రంలో ప్రదర్శిస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు. ఈ గడువు చిన్నది, కొన్ని రోజులే. దీని మీద మీ సమయం పెట్టండి. డబ్బు రాని సందర్భాల్లో ఎక్కువవాటి మూలం ఈ కాగితం మీదే కనిపిస్తుంది.

అందరూ చేసేది తమ పేరు వెతుక్కోవడం. పేరు కనిపించగానే తృప్తిగా వచ్చేస్తారు. కానీ వరుసంతా చదవాలి. ఉదాహరణకు ఇలా ఉంటుంది: పేరు సరే, తండ్రి పేరు సరే, సర్వే నంబరు 142-2బి బదులు 142-2ఎ. విస్తీర్ణం 2 ఎకరాల 10 సెంట్లకు 1.20 అని పడింది. పంట వరి, సరే. ఆధార్ చివరి నాలుగు అంకెల్లో ఒకటి తేడా. పైకి చూస్తే పేరు ఉంది. కానీ ఆ వరుసకు డబ్బు సగమే రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు.

చదువు రాకపోతే సిగ్గుపడక ఎవరిచేతనైనా చదివించుకోండి. జాబితాను ఫోన్లో ఫొటో తీసుకోండి.

తప్పుంటే నోటితో చెప్పి వదిలేయకండి. అర్జీ ఇలా రాస్తే చాలు:

"మండల వ్యవసాయాధికారి గారికి. ఫలానా గ్రామం, సర్వే నంబరు 142-2బిలో 2 ఎకరాల 10 సెంట్లలో వరి సాగు చేశాను. తుపాను ముంపుకు పంట దెబ్బతింది. ఈ-పంట రసీదు జతచేశాను. ప్రదర్శించిన జాబితాలో నా విస్తీర్ణం 1 ఎకరా 20 సెంట్లుగా నమోదైంది. పరిశీలించి సరిచేయగలరు. జత: రసీదు, ఆధార్, ఫొటోలు."

తేదీ వేసి సంతకం చేయండి. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని అర్జీకి తర్వాత సాక్ష్యం ఉండదు.

9. డబ్బు పడకపోతే ఏ వరుసలో వెళ్లాలి

ముందు ఎక్కడ ఆగిందో కనుక్కోండి. ఆ సంగతి తెలియకుండా ఎక్కడ ఫిర్యాదు చేసినా ఇంకో చోటికి పంపిస్తారు.

తుది జాబితాలో పేరే లేకపోతే మండల వ్యవసాయాధికారి దగ్గరికి, ముద్ర వేయించుకున్న అర్జీ కాపీతో వెళ్లండి. పేరుండి చెల్లింపు విఫలమైతే కారణం చాలావరకు బ్యాంకు వైపే ఉంటుంది. సీడింగ్ సరిచేయించి, ఆ సంగతి రైతు సేవా కేంద్రానికి చెప్పి, మళ్లీ పంపే జాబితాలో మీ పేరు చేర్చమనండి. చెల్లింపు అయినట్టు చూపిస్తుంటే ఏ బ్యాంకులో పడిందో అడగండి. ఖాతాలో పడగానే పాత అప్పుకు జమ చేసుకుంటే బ్యాంకు మేనేజరుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి, ఇది విపత్తు సాయమని గుర్తుచేయండి.

మండలంలో తేలకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, నమోదు సంఖ్య తీసుకోండి.

అక్కడా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం వాడండి. "నా సర్వే నంబరుకు సంబంధించిన ఎన్యూమరేషన్ వివరాలు, తిరస్కరిస్తే కారణం, నా అర్జీ మీద తీసుకున్న చర్య" అని మూడే ప్రశ్నలు అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

పంట అప్పు ఉన్నవాళ్లు ఇదే సమయంలో రుణం రీషెడ్యూలు గురించి కూడా అడగండి. విపత్తులో పంట దెబ్బతిన్న ప్రాంతాల్లో బ్యాంకులు వాయిదాలు పొడిగించే వెసులుబాటు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. అడగనివారికి దానంతటది రాదు.

10. పంట కాక మిగిలిన నష్టాలు

ఇవి వేరే పద్దు కింద వస్తాయి, విడిగా రాయించుకోవాలి. కేంద్రం అదే కొలమానాల ప్రకారం:

- పాడి గేదె లేదా ఆవు చనిపోతే రూ.37,500, మూడింటి వరకు
- ఎద్దుకు రూ.32,000
- మేక, గొర్రెకు రూ.4,000, ముప్పైటి వరకు
- కోడికి రూ.100, ఇంటికి రూ.10,000 మించకుండా
- పొలంలో 3 అంగుళాలకు మించి ఇసుక మేట వేస్తే తొలగించడానికి హెక్టారుకు రూ.18,000

పశువు చనిపోతే పాతిపెట్టకముందే పశువైద్యుడిని పిలిపించి ధ్రువపత్రం తీసుకోండి. చెవి ట్యాగు కనిపించేలా ఫొటో తీయండి. వాసన వస్తోందని తొందరపడి పాతేస్తే తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు. ఇసుక మేటకైతే మేట లోతు తెలిసేలా పలుగో స్కేలో గుచ్చి ఫొటో తీసుకోండి, తొలగించేది దాని తర్వాతే.

11. తెలంగాణ రైతులకు

అక్కడ పొలానికి వచ్చేది వ్యవసాయ విస్తరణాధికారి, అంటే ఏఈవో. పంట నమోదు, నష్టం నమోదు రెండూ ఆయన ద్వారానే. 2023 మార్చి వడగళ్ల వానల తర్వాత ఎకరాకు రూ.10,000 ప్రకటించారు, కౌలు రైతులకూ అందాలన్నారు. అక్కడ విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో రాస్తారు కాబట్టి జాబితా చదివేటప్పుడు 40 గుంటలకు ఎకరా అన్న లెక్క సరిచూసుకోండి. ఫొటోలు, ఆధార్ సీడింగ్, జాబితా వరుసంతా చదవడం, ముద్రతో అర్జీ అక్కడా ఇలాగే. అర్జీ ఇచ్చేది మాత్రం మీ క్లస్టర్ ఏఈవోకు, ఆ పైన మండల వ్యవసాయాధికారికి.